ఇస్స్ అనకపోతే చావదు

లక్ష్మీ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మన గంగ తల నిండా పేలు పడ్డాయి. "గుండు గీయించప్పా. మొగోనివి, నీకు యాడ చేతనైతాది?" అంది మా అమ్మ. నువ్వు పెంచిన జుట్టుకు కత్తి తగలనివ్వనన్నాను.

నిన్ననే వేపనూనె పట్టించాను. మన బావి ఎండిపోయింది కాబట్టి, పొద్దున్నే వంకలో చెలమ తవ్వి నీళ్లు తెచ్చి, సీకాయతో తలంటాను. వీధి అరుగు మీదే కూర్చుని పేలదువ్వెనతో దువ్వాను. చూసినవాళ్లు నవ్వారు. నవ్వుకోనీ.

మొదటి పేనును గోటి మీద కుక్కగానే గంగ వెనక్కి తిరిగింది.

"అది సావలేదు నాయనా. అమ్మయితే ఇస్స్ అంటాండె. అనకపోతే సావదు."

వీధంతా వినేట్టు ఇస్స్ అన్నాను. గంగ మళ్లీ నా మోకాలికి తల ఆనించింది.

ఈర్లు పగిలి పేలు మళ్లీ వస్తాయట. రానీ. ఇప్పుడు నాకు ఇస్స్ అనడం కూడా వచ్చు.