యాభై ఆకుల కట్ట

తమ్ముడు జంపయ్యకు,

పడుకునే ముందు చదివింది నిద్రలో మనసుకెక్కుతుందని మీ టీచర్ ట్రైనింగ్‌లో చెప్పారన్నావు కదా. అలాగే చేస్తున్నాను. తెల్లారకముందే అడవికి పోయి బీడీలకు వాడే తునికాకు కోసుకొచ్చి, యాభై ఆకులకో కట్ట చొప్పున పొద్దుగూకేదాకా కడుతున్నాను. అన్నం తిని సైన్స్ పుస్తకం తీస్తే రెండు లైన్లకే కళ్లు మూతపడుతున్నాయి.

నిన్న పొద్దున మీ బావ నన్ను లేపి, "ఏందే గిది, నిద్రల గూడ కట్టలేనా?" అన్నాడు. నువ్వు పంపిన పుస్తకంలో కాగితాలు చింపి, నారతో కట్ట కట్టేశాను. విప్పి లెక్కపెట్టాను. సరిగ్గా యాభై.

మీ సార్లు చెప్పింది నిజమే తమ్ముడూ. నా ఓపెన్ టెన్త్ పరీక్ష సోమవారం. వీలైతే ఇంకో పుస్తకం పంపు.

మీ అక్క