ఖాళీ కారు బరువు

కొత్తపేట,
జూన్ 3.

విషయము: కదలకుండా నిలబెట్టిన కారు ప్రతిదినము కిందికి దిగుట గురించి.

ధృతి సస్పెన్షన్స్ సంస్థలో స్ప్రింగుల మంచిచెడ్డలు విచారించే అధికారి గారికి, నీటిపారుదల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు కాలువ గట్ల ఎత్తులు కొలిచి విశ్రాంతి పొందిన వర్క్ ఇన్‌స్పెక్టర్ సుబ్రహ్మణ్యేశ్వరరావు నమస్కరించి విన్నవించేది.

ముందుగా మీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేశాను. ఒకటి నొక్కమన్నారు, నొక్కాను. రెండు నొక్కమన్నారు, నొక్కాను. తొమ్మిది కూడా నొక్కాక అంకెలు మిగలలేదు కనుక ఈ ఉత్తరం.

నా భార్య కాంతానికి నిరుడు వెన్నెముక ఆపరేషన్ జరిగింది. కుదుపు తగలరాదని డాక్టరు గారి ఉత్తర్వు. ఆమె అక్క చిట్టెమ్మ గారు ఓడలరేవులో కాలు విరిగి మంచం మీద ఉన్నారు. అక్కాచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొని పద్నాలుగు నెలలు. మా ఇంటి నుంచి అక్కడికి స్పీడు బ్రేకర్లు అరవై మూడు. వాటిలో ప్రభుత్వం వేసినవి పదకొండు. తక్కినవి ఎవరి ఇంటి ముందు వారు వేసుకున్నవి. అందువల్ల మీ సర్దుబాటు సస్పెన్షన్ కొని, అమలాపురం మెకానిక్ ప్రకాష్ చేత నా పదకొండేళ్ళ కారుకు వేయించాను.

మీ పుస్తకంలో ‘ప్రీలోడ్’ అన్నారు. అంటే, కారు బరువు మీద పడకముందే రింగు తిప్పి స్ప్రింగును ఎంత నొక్కి ఉంచాలన్న లెక్క. కష్టం రాకముందే కొద్దిగా కష్టపడి ఉండమని ఒక ఇనుప చుట్టకు నేర్పిన మీ సంస్థను మనసారా అభినందిస్తున్నాను.

పుస్తకం శాసించినట్టే ఖాళీ కారు మీద, స్ప్రింగు వదులు పోయేదాకా రింగు తిప్పి, ఆపైన మూడు చుట్లు ఇచ్చాను. వెనుక చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచుకు సరిగ్గా 370 మిల్లీమీటర్లు వచ్చింది. మరునాడు 367. ఆ మరునాడు 363. నేడు 358. ఈ ఎత్తు నిలకడగా నిలిచేవరకు కాంతాన్ని కారు ఎక్కించేది లేదు.

మీ విధేయుడు,
సుబ్రహ్మణ్యేశ్వరరావు

తా.క.: త్వరగా జవాబు దయచేయించగలరు. ఎదురింటి ఉమాదేవి గారు ‘ఎలాగూ వెళ్తున్నారు కదండీ’ అని ఓడలరేవులోని కూతురికి పంపుతున్న ఆవకాయ జాడీ మూడు రోజులుగా డిక్కీలో ఎదురుచూస్తోంది.

హైదరాబాద్,
జూన్ 8.

గట్ల ఎత్తులు కొలిచిన చేతులకు సాంకేతిక ఫిర్యాదుల విభాగం నుంచి శివాజీ నమస్సులు.

పదకొండేళ్ళ నా ఉద్యోగంలో ‘రెండు వేళ్ళు పట్టిందండీ’, ‘అరచెయ్యి పట్టిందండీ’ అన్న కొలతలే చదివాను. మిల్లీమీటర్లలో వచ్చిన మొట్టమొదటి ఫిర్యాదు మీది. దానిని మా విభాగంలో అందరికీ చదివి వినిపించాము.

రింగు తనంతట తాను వదులై దిగుతున్నదేమోనని అనుమానం. దాని కిందనున్న తాళపు రింగును బిగించి, రెండింటి మీదుగా ఒక రంగు గీత గీయండి. గీత విరిగితే రింగు తిరిగినట్టు. కొలిచేముందు కారును పదడుగులు ముందుకూ వెనక్కూ నడిపి, సమతలం మీద నిలపండి.

భవదీయుడు,
శివాజీ

తా.క.: ఆవకాయ జాడీకి ఎండ తగలనివ్వకండి.

కొత్తపేట,
జూన్ 13.

పదకొండేళ్ళ అనుభవాన్ని ఒక్క పేజీలో ఇమిడ్చిన శివాజీ గారికి సుబ్రహ్మణ్యేశ్వరరావు నమస్కారాలు.

కాంతం గోళ్ళరంగుతో గీత గీశాను. గీత విరగలేదు. నీళ్ళ గొట్టంతో వాకిలి మట్టం సరిచూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. అయినా నేటి ఎత్తు 349.

ఇంట్లో పరిస్థితి నివేదించక తప్పదు. కాంతం రోజూ గుమ్మంలో నిలబడి, “ఏవండీ, అక్క పొద్దుటినుంచి మూడుసార్లు ఫోన్ చేసింది. ఇంకా ఎంత దిగితే బయల్దేరతామండీ?” అంటోంది. దిగితే కాదు, ఆగితే అని సమాధానమిచ్చాను. “ఫోనులో చూస్తే చూసినట్టా అని ఏడుస్తందండీ అది,” అని లోపలికి వెళ్ళింది. ఆ తరువాత ఎత్తు మరొకసారి కొలిచాను. చేయగలిగింది అదొక్కటే.

మీ విధేయుడు,
సుబ్రహ్మణ్యేశ్వరరావు

తా.క.: ప్రయాణం ఆలస్యమైన కొద్దీ వార్త దూరం పాకుతోంది. మా వీధి బంగారరాజు గారు ఓడలరేవులోని వియ్యాలవారికి బియ్యం బస్తా పెట్టారు. గంగబాబు పెట్టిన అరటి గెల డిక్కీలోనే పండిపోవడంతో దించి, వీధి వారంతా తిని, రెండో గెల పెట్టారు.

హైదరాబాద్,
జూన్ 18.

మాన్యులు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారికి శివాజీ సవినయంగా.

మీ ఉత్తరం మీద ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంది. మా స్ప్రింగు ఇలా కుంగిన దాఖలా పూర్వం లేదు. ఉచితంగా కొత్త జత పంపుతున్నాము. రికార్డు కొరకు ఒక్క ప్రశ్న: కొలిచే వేళ కారు ఖాళీగానే ఉన్నదా? అవును లేక కాదు అని తెలుపగలరు.

భవదీయుడు,
శివాజీ

తా.క.: రెండో గెల చక్రకేళియా, కర్పూరమా? ఇది రికార్డు కొరకు కాదు.

కొత్తపేట,
జూన్ 25.

ఔదార్యంలో స్ప్రింగును మించి సాగిన శివాజీ గారికి నమస్కారాలు.

మీ ప్రశ్నకు సమాధానం: అవును. కారు సంపూర్ణంగా ఖాళీ. నాది అనదగిన వస్తువు అందులో చేతిరుమాలు కూడా లేదు. ఉన్నవన్నీ ఇతరులవి.

కొత్త జతను ప్రకాష్ వచ్చి వేశాడు. కారు నేలను తాకగానే 345. పుట్టుకతోనే అలసిన స్ప్రింగును నేను చూడడం ఇదే ప్రథమం. ప్రకాష్ తల గోక్కొని, “లోపల సామాన్లున్నాయి కదండీ,” అన్నాడు. “అవి మనవి కావు,” అన్నాను. “ఆయ్, అలాగైతే లెక్కలోకి రావండి,” అని ఒప్పుకొని, ఓడలరేవులో ఉంటున్న తన చెల్లెలి మిక్సీ కూడా డిక్కీలో సర్ది వెళ్ళాడు.

తరువాతి ఎత్తు 342.

మీ విధేయుడు,
సుబ్రహ్మణ్యేశ్వరరావు

తా.క.: చక్రకేళి. అదీ పండుతోంది.

హైదరాబాద్,
జూన్ 30.

పూజ్యులకు, ఆలస్యంగా కళ్ళు తెరిచిన శివాజీ నమస్కరించి రాసేది.

నిన్న మీ ఉత్తరాలు పక్కనపెట్టి, తా.క.లు మాత్రమే వరుసగా చదివాను. కమిటీ రద్దయింది.

అయ్యా, స్ప్రింగుకు యాజమాన్య హక్కులు తెలియవు. జాడీ ఉమాదేవి గారిదైనా బరువు మీ కారుదే. కానీ ఒక్క వస్తువు కూడా దించకండి. అమ్మగారిని వెనుక సీట్లో కూర్చోబెట్టి, ఎత్తు ఎంత తగ్గిందో చూడండి. తరువాత ఆమెను దింపి, కారును జాకీ మీద లేపి, రెండు మిల్లీమీటర్లకు ఒక చుట్టు చొప్పున రింగు తిప్పండి. ఆమె మళ్ళీ కూర్చున్నప్పుడు 370 రావాలి. దానివల్ల కారు లేస్తుందే తప్ప స్ప్రింగు గట్టిపడదు. పైపెచ్చు, అదే స్ప్రింగు మీద బరువైన కారు తేలిక కారుకంటే మెత్తగా ఊగుతుంది. మా ఇంజనీర్లందరమూ కలిసి ఇవ్వలేని మెత్తదనం మీ వీధి వారు ఒక జాడీ, ఒక బస్తా, ఒక గెలతో ఇచ్చారు. వారికి మా సంస్థ తరఫున అభినందనలు.

భవదీయుడు,
శివాజీ

తా.క.: హైదరాబాద్ వైపు ఎవరూ ఎలాగూ రావడం లేదు కదా?

ఓడలరేవు,
జూలై 9.

కొలతకు కరుణ కలిపిన శివాజీ గారికి సుబ్రహ్మణ్యేశ్వరరావు కృతజ్ఞతాపూర్వక నమస్కారాలు.

పదిహేడు చుట్లు పట్టింది. అరవై మూడు బ్రేకర్లూ దాటాము. కాంతం నలభయ్యోదాని దగ్గర నిద్రపోయింది. ఇక్కడికి వచ్చాక లేపవలసి వచ్చింది. చిట్టెమ్మ గారు చెల్లెలి చెయ్యి పట్టుకొని మంచం మీద పక్కనే కూర్చోబెట్టుకున్నారు. తరువాత ఇద్దరూ ఒకేసారి మాటలు మొదలుపెట్టారు. నేటికి వారం.

సామాను ఎవరిది వారికి అందజేశాను. ఇప్పుడు కారు ఎత్తు 400. తేలిక కారు కుదుపుతుందన్న మీ తీర్పునే చూపి, ఖాళీ కారులో తిరుగు ప్రయాణానికి కాంతం నిరాకరించింది. న్యాయమే. కొత్తపేట వెళ్తున్నామని ఊళ్ళో చెప్పించాను. ఎండు రొయ్యలు, తాటి తాండ్ర, కొబ్బరికాయల గోనెలు రోజూ సాయంత్రం డిక్కీలోకి వస్తున్నాయి. ఇతరుల సామాను తెరిచి చూడడం నాకు అలవాటు లేదు కనుక ఎత్తు మాత్రమే కొలుస్తున్నాను. సాయంత్రం 388. ఉదయం మళ్ళీ 400. వరుసగా అయిదు రోజులు ఇదే. వేసిన బరువును అరిగించుకొని లేచే స్ప్రింగు మరే సంస్థ వద్దనూ లేదని నా నమ్మకం. అయినా కారణం తెలుపగలరు. అంతవరకు ప్రయాణం వాయిదా.

మీ విధేయుడు,
సుబ్రహ్మణ్యేశ్వరరావు

తా.క. (వేరే దస్తూరిలో): శివాజీ బాబూ, ఉత్తరం అంటించమని నాకిచ్చేరు, అంచేత ఈ నాలుగు ముక్కలూ నేను రాస్తున్నాను. మీ స్ప్రింగు బంగారం. ఆయన స్నానానికి వెళ్ళగానే ఎవరి గోనె వాళ్ళని పట్టుకుపొమ్మని నేనే చెప్పేను. అక్కతో మాటలు ఇంకా సగం కూడా అవలేదు. ఆ రింగు ఇంకో చుట్టు తిప్పి చూడమని ఆయనకి రాయండి. నా నడుం గురించి అన్నాళ్ళు కారు కింద పడుకున్న మనిషి, ఊరికే కూర్చోబెడితే దిగులు పెట్టుకుంటారు. జవాబు మాత్రం స్పీడు పోస్టులో పంపకండి, బాబూ.