“కరెక్టే” అన్న జవాబు

బందరు, గురువారం రాత్రి

క్యాజువాలిటీలో ఇంజెక్షన్ ఇచ్చే ముందు ఒక నర్సు మందు పేరు, మోతాదు పైకి చదవాలి. రెండో నర్సు సీసా చూసి “కరెక్టే” అనాలి. ఈ ఏర్పాటు సక్రమంగా నడుస్తోందని ఆసుపత్రి విశ్వాసం. నాకు మాత్రం కొన్నాళ్లుగా తోటి నర్సు సుజాత మీద అనుమానం. నేను చదవడం పూర్తికాకముందే ఆమె ఆమోదం వెలువడుతోంది.

వరుసగా డబుల్ డ్యూటీలు చేస్తున్న మనిషిని రుజువు లేకుండా తప్పుపట్టకూడదు. అందుచేత ఈ మధ్యాహ్నం, రోగిని స్కానింగుకు తీసుకెళ్లిన వెసులుబాటులో, ఖాళీ సిరంజి పట్టుకొని గంభీరంగా చదివాను.

“మామిడికాయ పప్పు, రెండు గరిటెలు.”

“కరెక్టే అక్కా, ఇచ్చెయ్యండి” అంది సుజాత.

నేరం రుజువైంది. హెడ్ నర్సుగారికి నివేదించడం ఉచితమా అని తర్జనభర్జన పడి, చివరికి టీ దగ్గర సుజాతకే చెప్పాను. ఆమె నవ్వలేదు.

“మొన్న నేను పులిహోర అన్నానక్కా. మీరూ కరెక్టే అన్నారు. పెద్దవారు, ఏమంటాంలే అని ఊరుకున్నా.”

ఇద్దరి టీలూ చల్లారిపోయాయి.

మొన్ననే బంటుమిల్లి నుంచి పాము కరిచిన రైతును తెచ్చారు. ఆయన మందు సుజాత చదివింది, కరెక్టే అన్నది నేను. సాయంత్రం వార్డుకు వెళ్లి చూశాను. కోలుకుంటున్నారు. “అంతా మీ చలవేనండీ” అని ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది.

ఆ రోజు నేనన్న మాట స్పష్టంగా గుర్తుంది. సీసా చూసినట్టు మాత్రం ఎంత ఆలోచించినా...