ఖాళీ పేటిక ముందు కేక

హాలీవుడ్,
అక్టోబరు 1945.

ప్రియమైన అమ్మకు,

ఒడీల్ ముద్దులతో రాస్తున్నది. నాకు దగ్గు తగ్గింది, తక్కినదంతా కులాసాయే. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందనీ, మిల్లులో నిన్ను కూర్చుని చేసే పనిలోకి మార్చారనీ తలుస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. ఆదివారం చర్చిలో పూజ మానడం లేదు. వేళకు తింటున్నాను. నా పని మర్యాదైనదే. కెమెరా పక్కన కూర్చుని, కిందటి షాట్‌లో కొవ్వొత్తి ఏ చేతిలో ఉందో, ఎంత కరిగిందో రాసుకుంటాను. మావి దయ్యాల సినిమాలు. వారంలో ఒకటి అయిపోతుంది. పిచ్చి డాక్టరు మేడకైనా, రక్తపిశాచి కోటకైనా అవే మెట్లు. గోడ లేనిచోట పొగ వదులుతారు. గొరిల్లా వేషం వేసే బడ్ గారు తల ఊడదీసి చంకలో పెట్టుకుని శాండ్‌విచ్ తింటారు. నాకు సగం ఇస్తారు. శుక్రవారం నేను మాంసం ముట్టనని చేపది తెస్తారు.

ఇక నీ చివరి ప్రశ్న. తమ్ముడి ఆత్మశాంతి పూజనాడు నా కంట చుక్క నీరైనా రాలేదేమని అడిగావు. "రెమీ నీ తోడబుట్టినవాడు కాడా?" అని రాశావు. దానికి ఏం రాసినా చింపేస్తూ వచ్చాను.

పోయిన వారం మా హీరోయిన్ లొరెయిన్‌కు గొంతు పోయింది. శవపేటిక మూత ఎత్తి ఆమె కేక వేయాలి. నోరు మాత్రం తెరిచింది. ఇక్కడ కేకను తర్వాత విడిగా రికార్డు చేసి అతికిస్తారు, గొంతు ఎవరిదైనా ఫర్వాలేదు. డైరెక్టరు ప్రూయిట్ నావైపు చూశాడు.

"ఏమ్మాయ్ ఒడీల్, నువ్వు రా."

"నాకు కేక రాదండీ."

"రాకపోవడమేమిటి! బొద్దింక కనిపిస్తే ఏం చేస్తావ్?"

"చీపురు తెస్తానండీ."

అందరూ నవ్వారు. ఆ సీను తెరమీద వేసి నన్ను మైకు ముందు నిలబెట్టారు. కాన్వెంటులో సిస్టర్లు మెల్లగా మాట్లాడడం నేర్పిన గొంతు ఎంతకని లేస్తుంది?

"దయ్యానికి సారీ చెబుతున్నావా ఏం?" అన్నాడు ప్రూయిట్.

బడ్ గారు దగ్గరికొచ్చారు. "వాడి మాటలకేం గాని తల్లీ, తెర చూడు. మూత లేస్తుంది. లోపల ఏముందో చూడు."

మూత లేచింది. లోపల ఏమీ లేదు. అస్థిపంజరం దొరకక ఖాళీగానే తీసేశారు.

రెమీ పూజనాడు చర్చిలో నల్లగుడ్డ కప్పి పెట్టిన పేటికా ఖాళీదే కదమ్మా. యుద్ధంలో మునిగిన ఓడతోపాటు వాడు సముద్రంలోనే ఉండిపోయాడు. అందరూ ఆ గుడ్డకేసి చూసి ఏడ్చారు. దానికింద వాడు లేడన్నదొక్కటే నా తలలో తిరిగింది. ఏడిస్తే పోయాడని ఒప్పుకున్నట్టని బిగబట్టుకున్నాను.

ఆ వేళ మైకు ముందు బిగబట్టలేకపోయాను, కేక వచ్చేసింది. ఆపినప్పుడు ఎవరూ నవ్వడం లేదు. బడ్ గారు తన కోటు తెచ్చి నాకు కప్పారు. "ఈ కేకను జాగ్రత్తగా దాచండి, ఇక ప్రతి సినిమాకూ ఇదే" అన్నాడు ప్రూయిట్, మెల్లగానే. వద్దనబోయి తలూపాను.

చలికాలంలో ఆ సినిమా మన ఊరికి వస్తుంది. అలాంటివి చూడడం పాపమంటావని తెలుసు. ఒక్కసారి వెళ్లు. లొరెయిన్ మూత ఎత్తేటప్పుడు కళ్లు మూసుకో. వినిపించేది నేను. నీ ప్రశ్నకు నా జవాబు అదే.

హాల్లో కుర్రాళ్లు నవ్వుతారు. కోప్పడకు. రెమీ ఉంటే ముందు వరసలో కూర్చుని అందరికంటే ముందు వాడే నవ్వేవాడు.

ఇట్లు,
నీ కూతురు, రెమీ అక్క
ఒడీల్