తరుగు తీసిన బరువు

1987 డిసెంబరు 5, శనివారం

పొద్దున్నే నోటీసు బోర్డు దగ్గర ఆశ్చర్యం. గుట్ట మీది నుంచి గ్లైడర్‌తో ఎగరడానికి విద్యార్థులు కావాలట. పుణె నుంచి శిక్షకుడు వస్తున్నారు. గుడ్డ రెక్క కింద ఇద్దరు వేలాడతారు — ఒకరు ఆయన, ఒకరు మనలో ఎవరో. ఆ ఒకరి బరువు యాభై కిలోలు దాటకూడదు.

పేరిచ్చాను.

డిసెంబరు 8, మంగళవారం

కాలేజీలో మనుషుల్ని తూచే యంత్రం లేదు. ఆటల సారు పేరిచ్చిన మా ముగ్గురినీ మిర్చి యార్డుకు తీసుకుపోయారు, మా బాపు తూకం చెప్పే కాంటా దగ్గరికే. బస్తాలు దించి మమ్మల్ని ఎక్కించారు. బాపు ముఖాలు చూడలేదు. ముల్లు చూశాడు, అంకె పలికాడు, అంతే. షకీలా నలభై. యాకూబ్ నలభై ఏడు. నేను నలభై తొమ్మిది. సారు రాసుకున్నారు. కింద బాపు సంతకం.

“ఈ బస్తా మీ ఇంటిదేనా, అన్నా?” — ఒక హమాలీ.

చీటీలు తీశారు. మొదటి రోజు షకీలా, రెండో రోజు నేను. మాలో ఎవరైనా ఆగిపోతే యాకూబ్.

డిసెంబరు 9

‘ఎగరడం’ అని ఐదుసార్లు రాశాను. పదం కాగితం మీదే ఉంది.

డిసెంబరు 11, శుక్రవారం

బస్‌స్టాండుకు బాపు వచ్చాడు. అటుకుల పొట్లం కిటికీలోంచి అందించాడు.

“జర పైలం బిడ్డా. యాభై ఒక్క కిలోలున్నవ్, ఆపుతదా నిన్ను ఆ గుడ్డ?”

నలభై తొమ్మిది కదా అన్నాను.

“అది తరుగు తీసి చెప్పిన. నోట్లకెళ్లి అట్లనే వచ్చింది.”

సంచికి, దుమ్ముకు, తేమకు అని బస్తాకు రెండు కిలోలు తగ్గించి చెప్పడం యార్డులో రివాజు. ఇరవై ఏళ్ల అలవాటు.

“మనిషికి తరుగేంది బాపు?”

నవ్వాడు. బస్సు కదిలింది.

నర్సంపేట దాకా పొట్లం ఒళ్లోనే ఉంది. అటుకులు తినలేదు. తినకపోతే ఎంత తగ్గుతానో లెక్క వేసుకున్నాను... సిగ్గేసింది. తిన్నాను.

డిసెంబరు 12, శనివారం

బస గుట్ట కింది బడిలో. తెల్లారి ఆరింటికి అడవిలోకి. గ్లైడర్ మడిస్తే పొడుగాటి కట్ట — లోపల గొట్టాలు, పైన గుడ్డ. ముందు కొస యాకూబ్ భుజం మీద, వెనక కొస నా భుజం మీద. వాగు దాటాక తునికి చెట్లు, ఆ పైన మద్ది, ఆ పైన బండలు. మలుపు వచ్చినప్పుడల్లా కట్ట కొమ్మలకు తగులుకుంటుంది. ఆగడం, వెనక్కి జరగడం, మళ్లీ నడవడం. మూడు గంటలు. యాకూబ్ ఒక్కసారి కూడా కట్ట దించుదామని అనలేదు.

పైన గాలి తక్కువ. శిక్షకుడు గడ్డి పరకలు విసిరి చూస్తూ కూర్చున్నారు. తర్వాత షకీలాను పక్కన కట్టుకుని వాలులో పరుగెత్తారు. ఎనిమిది అడుగులు లెక్కపెట్టాను. తొమ్మిదో అడుగుకు నేల లేదు.

రెక్క మొదట కిందికి జారింది. షకీలా కాళ్లు మద్దిచెట్ల కొసలకు తగిలినంత పనైంది. తర్వాత తేలింది. చాలాసేపు తేలింది. కోసిన పొలంలో దిగారు.

మేం దిగి వెళ్లేసరికి షకీలా గట్టు మీద కూర్చుని చెప్పు వెతుక్కుంటోంది. “చెట్లన్నీ కొత్తిమీర కట్టల లెక్కనే ఉన్నయే.” అంతకంటే చెప్పలేకపోయింది. నేనైతే ఇంకా మంచి మాట వెతికేదాన్ని అనుకున్నాను.

సాయంత్రం

శిక్షకుడు బరువుల కాగితం మళ్లీ చూశారు. రేపు కూడా గాలి ఇంతేనట. యాభైకి ఒక్క కిలో ఎక్కువైనా తీసుకుపోనని హిందీలో చెప్పారు. నా పేరు దగ్గర వేలు పెట్టి, ఇది సరిగ్గా ఉంది కదా అని అడిగారు. నేను పలికేలోపు ఆటల సారే అందుకున్నారు — వాళ్ల నాన్న తూకం సార్, తప్పు పోదు అని.

తల ఊపాను. ఊపింది నేనే.

చెబితే యాకూబ్ ఎగురుతాడు. వాడు తరుగు కలిపినా నలభై తొమ్మిదే. బాపు సంతకం తప్పని అందరికీ తెలుస్తుంది. చెప్పకపోతే... ఆ చెట్ల కొసలు. రెక్క కింద నేనొక్కదాన్నే ఉండను.

యాకూబ్ బావి దగ్గర భుజం కడుక్కుంటున్నాడు. తోలు లేచిపోయింది.

“రేపు పైకెళ్లి జర మంచిగ చూడు. మనం మోసిన తొవ్వ కనపడ్తదో లేదో నాకు చెప్పాలె.”

సరే అన్నాను. ఇవాళ ఇది రెండో అబద్ధం కావచ్చు, కాకపోవచ్చు.

రేపు ఐదింటికి లేవాలి. కట్ట భుజాలకు ఎత్తకముందే శిక్షకుడి దగ్గరికి పోవాలి. హిందీలో యాభై ఒకటిని ఏమంటారో షకీలాను ఇప్పుడే అడిగి పెట్టుకోవాలి.