పోత అనొద్దు

అక్కా,

మిర్యాలగూడలో మా హాస్టల్ పిల్లల కోసం తెలుగు మాటలతోనే నడిచే చిన్న కంప్యూటర్ భాష తయారు చేస్తున్నాను. ఒక్కో కమాండుకు ఏ మాట నప్పుతుందో వెతకడం భలే ఉంది. మళ్లీ మళ్లీ చేస్తున్న పనిని ఆపడానికి 'ఇగ సాలు' అని పెడితే, కోదాడ పిల్లలు 'ఇక చాలు' అని కొట్టారు. కంప్యూటర్ తెల్లమొహం వేసింది. ఇప్పుడు రెండూ నడుస్తాయి.

ప్రోగ్రాం ముగించడానికి 'పోత' అని పెట్టబోయాను. "పోత అనొద్దురా, పోయొస్త అనాలె" అని గడపలో నువ్వు కసరడం గుర్తొచ్చి, అదే పెట్టాను.

ఇవాళ సూర్యాపేట అమ్మాయి ఒకతి అడిగింది: "సార్, ముగిసినంక అది మళ్ల రాదు గదా, పోయొస్త అంటదేంది?"

"మళ్ల నడిపిస్తే వస్తది బిడ్డా," అన్నాను.

ఆ రోజు దవాఖానకు ఆటో ఎక్కుతూ నువ్వు కూడా పోయొస్త అనే అన్నావు కదక్కా.