గుమ్మం పక్క మేకుకు సీసా

జులై 8

మామ కంటి నుంచి గీరి తీసింది పెంచిన ప్లేటు మీద దారులు. బాక్టీరియా పొరను తినుకుంటూ పోయిన సన్నటి దారులు. లెన్సు మార్చి చూశాను. రెండు గోడల గుండ్రటి పెంకులు, ఒకటి కాదు, గుంపులుగా. పేరు చీటీ మళ్ళీ చదివాను — పోలయ్య, 58, కుడి కన్ను. నా చేతిరాతే.

పన్నెండేళ్ళుగా ఈ కంటాసుపత్రి ల్యాబులో కూర్చుంటున్నాను. ఇట్లాంటి ప్లేట్లు ఎన్ని చూడలేదు. మావాళ్ళ పేరు మాత్రం ఎప్పుడూ లేదు.

డాక్టరు మేడమ్‌కి చూపించాను. "అమీబా. ఇన్నాళ్ళూ వైరస్ అనుకుని ఎవరో వేరే చుక్కలు వేశారు" అన్నారు. ఇరవై రోజులు. నేనూ వైరసే అనుకున్నాను. మేనమామ కన్ను రోజూ చూస్తూ అనుకున్నాను.

జులై 9

గంటకోసారి చుక్కలు. పగలూ, రాత్రీ. వేసేది అత్తే.

మామ మొహం మీద తువ్వాలు కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. తలుపు సందులోంచి వెలుగు పడితే చాలు, మూలుగుతాడు. "కంట్లో మేకు దిగ్గొడతా ఉండారమ్మా ఎవురో."

ఒకసారి అరచేతిలో జెల్ల చేప ముల్లు దిగితే పళ్ళతో పీకి ఊసేసి మళ్ళీ వల లాగిన మనిషి. ఏడుస్తుంటే చూడలేకపోయాను. బయటికొచ్చేశాను.

జులై 11

మేడమ్ పిలిచి కూర్చోబెట్టారు. ఈ అమీబాలు చూడ్డానికి అన్నీ అక్కచెల్లెళ్ళలాగే ఉంటాయట, జన్యువులు చదివితే మాత్రం ఒక్కొక్కటిదీ ఒక్కో తెగ. కొన్ని తెగలు మట్టిలో, నీళ్ళలో తమ మానాన తాము బతికేస్తాయి. కొన్ని కంటికి అలవాటు పడతాయి. మామ తాకిన నీళ్ళన్నీ తెమ్మన్నారు. ఏ నీటిలోది కంట్లో దానికి సరిపోతుందో చూద్దామన్నారు.

పడవ అడుగు నీళ్ళు. రొయ్యల గుంట కాలవ. బోరు. అత్త వంటింటి బిందె. చేపలు కడిగే తొట్టి. ఐదు సీసాలు, ఐదు చీటీలు.

మామ తువ్వాలు కిందినుంచే, "జబ్బు నాకైతే పడవకు పరీక్ష చేస్తావేందే" అన్నాడు. నవ్వాను.

ల్యాబు నుంచి వచ్చేముందు మేడమ్ అడిగింది ఇప్పుడు గుర్తొస్తోంది. "మొదట నలుసు పడ్డప్పుడు కంట్లో ఏం పోశారు?"

"నీళ్ళతో కడిగారండీ" అన్నాను.

కడిగారు. ఎవరు కడిగారు... నేనే. ఆరోజూ కడిగాను, తర్వాత నాలుగు రోజులూ కడిగాను.

జులై 12

మామ కన్ను కడిగిన సీసా మా గుమ్మం పక్క మేకుకే వేలాడుతోంది. ల్యాబులో పారేయబోతుంటే ఇంటికి తెచ్చుకున్నది. వంపు ముక్కు, మెత్తటి పొట్ట, నొక్కితే సన్నటి ధార. ముత్తుకూరు రోడ్డు మీద బొగ్గు లారీలు తిరుగుతున్నంత కాలం మా వీధి కళ్ళకు నలుసుల కొదవ లేదు.

ఇంతకుముందు నలుసు తీసేది అత్త. రెప్ప తిప్పి, నాలుక కొసతో ఒక్క క్షణంలో తీసేసేది. ఊరంతా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. నేనే మాన్పించాను. "ఛీ, ఎంగిలి. కంట్లోకి క్రిములు పోవూ" అన్నాను, నలుగురి ముందూ. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరికీ తీయలేదు.

ఆనాటి నుంచీ అందరూ నా గుమ్మానికే. ఎంత గర్వంగా ఉండేదో. రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

పోసేది క్యాను నీళ్ళే, శుద్ధి చేసినవే. సగం అయిపోతే పైన పోసేదాన్ని. మళ్ళీ సగం అయితే మళ్ళీ పైన. రెండేళ్ళు దాటింది. ల్యాబులో ఎవరైనా సీసా కడగకుండా మీద మీద నింపితే గొంతు చించుకుని అరిచేది నేను. ఇంటికొస్తే ఆ మాటే తట్టలేదు. ఇల్లు కదా, అనుకున్నానేమో. ఏమీ అనుకోలేదు, అదీ నిజం.

ఇవాళ మూత తీసి వేలు పెట్టాను. లోపలి గోడకు పాకుడు. వేలు జారింది.

మూడుసార్లు చేయి కడుక్కున్నాను.

జులై 13, ఆదివారం

ఆరో సీసా. చీటీ మీద 6 అని మాత్రమే రాశాను.

జులై 17

ఆరు ప్లేట్లలోనూ దారులున్నాయి. కడవరకూ కోరుకున్నాను, ఆరో దాంట్లో ఉండకూడదని. అన్నిటికంటే ఎక్కువ అందులోనే. మైక్రోస్కోపు కింద ఏది ఏదో చెప్పలేను. మామ కంట్లోది, పడవలోది, నా సీసాలోది — పక్కపక్కన పెడితే ఒక్కలాగే ఉన్నాయి.

జన్యు పరీక్షకు హైదరాబాదు పంపించారు మేడమ్. ఆరో నంబరు ఏమిటని అడగలేదు. నేను చెప్పలేదు.

వేరే తెగ అవ్వాలి. ఇన్ని తెగలున్నాయంటున్నారు కదా, నా సీసాలోది వేరేది కాకూడదా? గంగమ్మకు మొక్కుకున్నాను. అమీబా తెగ మారాలని మొక్కుకున్న ఆడది ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

జులై 18

ఎదురింటి రమణమ్మ కన్ను నలుపుకుంటూ వచ్చింది. మేకు వైపు చూసి, "సీసా ఏమైందక్కా?"

పగిలిపోయిందన్నాను. ప్లాస్టిక్ సీసా.  ఆమె కొంగులో ఊది కంటికి అద్దుకుంటూ వెళ్ళిపోయింది.

జులై 24

నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం గట్టిపడింది. మామకు చేతివేళ్ళు కూడా కనపడటం లేదు, వేళ్ళ నీడ మాత్రం తెలుస్తోందట. మందు అమీబాను చంపినా మచ్చ మిగులుతుందన్నారు మేడమ్. తర్వాత నల్లగుడ్డు మీది పొర మార్పిడి సంగతి చూడాలి, ముందు ఇది చావాలి.

సాయంత్రం పక్కన కూర్చుంటే నా చేయి తడిమి పట్టుకున్నాడు. "నీ సీసా తేమ్మా. కాస్త నీళ్ళు కొట్టు. సల్లగుంటాది."

లేచి వచ్చేశాను. ఏం చెప్పి వచ్చానో గుర్తులేదు.

జులై 29

రిపోర్టు వచ్చింది.

పడవలోది ఒక తెగ, కాలవలోది మరొకటి. తొట్టిదీ, బిందెదీ ఇంకో రెండు. మామ కన్ను — టీ-ఫోర్ అనే తెగ. బోరు — టీ-ఫోర్. ఆరు — టీ-ఫోర్.

ఒక్క నిమిషం... ఊపిరి ఆడింది. బోరు కూడా. "టీ-ఫోర్ అన్నిచోట్లా ఉంటుంది, ఎక్కువ కళ్ళలో దొరికేది అదే. దాంతో ఏం చెప్పలేం" అన్నారు మేడమ్. అని, రెండో కాగితం తిప్పారు. ఆ తెగలో మళ్ళీ శాఖలు. జన్యువుల అక్షరాలు ఒక్కొక్కటీ పక్కపక్కన పేర్చి ఉన్నాయి. బోరుదానికీ కంట్లో దానికీ చాలా చోట్ల తేడా. ఆరు వరస మీద వేలు పెట్టి చివరిదాకా పోయారు. ఒక్క అక్షరం కూడా తేడా లేదు.

"ఈ ఆరు ఏంటమ్మా?"

చెప్పాను.  మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నువ్వా" అన్నారు. అంతే అన్నారు. తిట్టుంటే బాగుండేది.

ఆవిడే కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "సీసా నుంచి కంటికి వచ్చిందో, జబ్బు కంటిని మళ్ళీ మళ్ళీ కడిగావు కాబట్టి కంటి నుంచే సీసాకు వెళ్ళిందో, ఈ అక్షరాలు చెప్పవు" అన్నారు.

బస్సులో ఆ మాటను పట్టుకుని కూర్చున్నాను. దాని వెనక దాక్కోవచ్చు. జీవితాంతం దాక్కోవచ్చు. ముత్తుకూరు వచ్చేదాకా దాక్కున్నాను కూడా. దిగాక తట్టింది — ఎటు నుంచి ఎటు పోయినా ఆ తర్వాత దాంతో నేను కడిగిన కళ్ళున్నాయి.

జులై 30

మామకు చెప్పాను. చుక్కలు వేసి అత్త ఎండబెట్టిన చేపలు తిప్పడానికి ఇసుక మీదికి వెళ్ళినప్పుడు.

 తువ్వాలు మడిచాడు, విప్పాడు.

"ఆ పొద్దు మీ అత్త తీస్తానన్నింది. నేనూ తియ్యమన్నా. నువ్వు ఇన్లా."

అవును. వినలేదు. అత్త చేయి తోసి మరీ సీసా అందుకున్నాను. మామ ఆ మాట అనేదాకా అది మర్చిపోయాను, ఎట్లా మర్చిపోయానో.

ఏడ్చాను. ఊరుకోమనలేదు. చివరికి, "ఇంకెవురెవురివి కడిగినావు?" అన్నాడు.

పేర్లు చెప్పాను. ఒక్కో పేరుకు ఒక్కో వేలు మడిచాడు. పది వేళ్ళూ అయిపోయాయి. మళ్ళీ మొదటి నుంచి నాలుగు.

"రేపు నేనూ వస్తా. నన్ను జూస్తే నమ్ముతారు."

జులై 31

నల్లద్దాలు, మీద తువ్వాలు. నా భుజం పట్టుకుని మామ. ప్రతి గుమ్మం దగ్గరా నేనే చెప్పాను — నా సీసాలో పురుగుంది, దాంతో మీ కన్ను కడిగాను, ఒకసారి చూడనివ్వండి.

ఒకామె మొహం మీదే తలుపు వేసింది. మామ తలుపు మీద కొట్టి, "నా కన్ను చూడు మే, తర్వాత తిట్టు" అన్నాడు. తెరిచింది. రమణమ్మ, "పగిలిందంటివే" అని మాత్రం అంది.

పద్నాలుగు మంది. రెప్పలు ఎత్తి, ఫోను లైటు వేసి చూశాను. తెల్లగా, బాగున్నాయి. అందరివీ. ఎవరికి అనుమానం వచ్చినా ఆసుపత్రికి రమ్మన్నాను. ఇల్లు చేరాక గుమ్మంలోనే కూర్చుండిపోయాను. నవ్వొచ్చింది. మామ కూడా నిట్టూర్చి మంచం మీద వాలాడు.

ఆగస్టు 2

పదిహేనో మనిషి.

అత్త పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఎడమ కన్ను కొంగుతో అద్దుకుంటోంది. ఎప్పుడు చూసినా అటు తిరిగే ఉంటోందని ఇవాళే గమనించాను. లైటు వేశాను. ఠక్కున మూసుకుంది, నీళ్ళు ధారగా కారాయి.

"ఎన్నాళ్ళయింది అత్తా?"

"పొగలే పాపా."

"ఎన్నాళ్ళు?"

"పది దినాలు."

చేపలు ఎండబెడుతుంటే పొలుసు పడింది, జులై మొదట్లో. నా గుమ్మానికి వచ్చింది. నాలుక మాన్పించిన నా దగ్గరికే వచ్చింది. కడిగాను. మొన్న ఆమెను లెక్కలో వేసుకోలేదు, ఇంటి మనిషని.

ఎందుకు చెప్పలేదంటే, "ఆయనకు గంట గంటకూ చుక్కలెయ్యాల గదా. నేను గూడా పడుకుంటే ఎవురేస్తారు?"

ఆయనకు చెప్పబాక, అంది.

ఆగస్టు 3, ఆదివారం

మేడమ్ సెలవురోజైనా వచ్చారు. ఆవిడే అత్త కన్ను గీరి తీశారు. నేను ప్లేటు పట్టుకున్నాను. వెచ్చటి పెట్టెలో పెట్టేటప్పుడు నంబరు వేయలేదు. పేరు రాశాను.

అత్తను ఆసుపత్రిలోనే ఉంచారు. మామకు గూడూరులో ఎవరికో బాగాలేదని చెప్పాను. మళ్ళీ అబద్ధం.

ఆగస్టు 4

ప్లేటు మీద ఇంకా ఏమీ లేదు. ఒక్క రోజుకు ఏమీ ఉండదు. తెలిసీ నాలుగుసార్లు చూశాను. రేపు తెలుస్తుంది. ఎల్లుండి కూడా చూడాలి.

సాయంత్రం మామకు చుక్కలు వేయబోయాను. అడుగు చప్పుడుకే తల తిప్పాడు.

"మీ అత్త ఇంకా రాలేదా?"

"లేదు మామా."

మంచం పక్కన కూర్చున్నాను. మందు మూత తీశాను. మామ నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"చెయ్యి కడుక్కున్నావా?"

"కడుక్కున్నాను మామా."

వదల్లేదు.

"ఏ నీళ్ళతో?"